సులోచనములు: కంటి కొలత, ముఖపు కొలత

ఈ పత్రికలోని సన్నని అక్షరములను చదువుటకై చేతులు బారచాచి, దీపమువైపు తిరిగి కూర్చుండువారు మా పాఠకులలో పలువురుందురు. నలుబది యేండ్లు దాటినవారికిది సహజము. కంటిలోని కటకము మెత్తదనము కోల్పోయి, దగ్గరి వస్తువుపై చూపు నిలుపజాలదు. దీనినే మనవారు చత్వారమందురు. సంస్కృతమున నలుబదికి చత్వారింశత్తని పేరు గదా! ఇబ్బంది పేరులోనే వయస్సును చేర్చి చెప్పినది మన భాష. దానికి విరుగుడైన కళ్లజోడు మాత్రము దూరదేశమున పుట్టినది. పుట్టిన పిమ్మట అది మనుష్యుని ముఖముపై కుదురుగా నిలుచుటకు నాలుగు వందల యేండ్లకు పైగా పట్టినదన్న సంగతి ఆలోచింపదగినది.

ఇటలీలో 1306వ సంవత్సరమున జోర్దానో అను క్రైస్తవ సన్న్యాసి ఫ్లారెన్సు నగరమున ఉపన్యసించుచు, కళ్లజోడు చేయు విద్య పుట్టి యింకను ఇరువది యేండ్లు కాలేదని చెప్పెను. దీనినిబట్టి 13వ శతాబ్దపు చివరి భాగమున ఈ విద్య వెలసినదని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆనాటి కళ్లజోడనగా రెండు కుంభాకారపు అద్దములు, వాని పిడులను కలుపు ఒక మేకు, అంతియే. చెవులకు తగిలించు కాడలు లేవు. చేత పట్టుకొనియో, ముక్కుకొనపై నిలిపియో చదువుకొనవలసినదే. 1352లో టొమాసో ద మోదెనా అను చిత్రకారుడు త్రెవీజో పట్టణమున ఒక కార్డినలు ముఖమున కళ్లజోడుంచి చిత్రించెను. ఆ కార్డినలు 1263లోనే, అనగా కళ్లజోడు పుట్టకముందే, మరణించినవాడు! పండితుడు గనుక కళ్లజోడుండవలెనని చిత్రకారుడు తలచెను కాబోలు. చూపునకు సాధనముగా వచ్చినది అప్పుడే ముఖమునకు అలంకారమైనది.

మన దేశమునకు వచ్చిన కథయు మన చరిత్రకు సన్నిహితమైనదే. విజయనగరమున శ్రీకృష్ణదేవరాయల కాలమున వెలుగొందిన వ్యాసతీర్థులు 1520 ప్రాంతమున కళ్లజోడు సాయముతో పుస్తకము చదివినట్లు సోమనాథకవి వ్రాసిన 'వ్యాసయోగిచరితము'లో కలదని పి. కె. గోడే పండితుడు చూపెను. పోర్చుగీసువారు 1510లోనే గోవాను పట్టుకొని, విజయనగరముతో వర్తకము సాగించుచుండిరి.

ఇక ముఖపు సమస్య. పట్టునూలు ఉచ్చులను చెవులకు తగిలించి చూచినవారు కొందరు. తుదకు 1730 ప్రాంతమున లండనులో ఎడ్వర్డు స్కార్లెట్టు అను వర్తకుడు కణతలను పట్టియుండు గట్టి కాడలు గల కళ్లజోళ్లను అమ్మజొచ్చెను. 1784 నాటికి అమెరికా దేశీయుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పై సగము దూరమునకును, క్రింది సగము దగ్గరకును పనికివచ్చు జంట అద్దములను వాడుచుండెను. కంటిని కొలుచు పద్ధతియు తరువాతిదే. పెద్దవి, చిన్నవి అక్షరములతో కూడిన పరీక్షాపటమును హాలండు దేశపు వైద్యుడు స్నెల్లెన్ 1862లో ప్రకటించెను. అంతకుముందు వర్తకుని పళ్లెములోని జోళ్లను ఒకటి తరువాత ఒకటి పెట్టి చూచుకొని, అక్షరము తేటపడినదానిని కొనుటయే పద్ధతి. మన సంతలలోను, తిరునాళ్లలోను ఈ పద్ధతి నేటికిని పూర్తిగా పోలేదు.

ఈ చరిత్రలో మన ఖమ్మమునకును ఒక పుట కలదు. తెలంగాణ ప్రభుత్వము 'కంటి వెలుగు' అను పథకమును 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరులో ప్రారంభించెను. దాని రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మములో మొదలైనది. ఊరూర శిబిరములు పెట్టి కండ్లు పరీక్షించి, దగ్గరి చూపునకు కావలసిన జోళ్లను అక్కడికక్కడే యిచ్చిరి. ప్రత్యేకముగా చేయింపవలసిన వానిని తరువాత అందించిరి. చేతికి వచ్చిన జోడు ముఖముపై నిలిచినదా, పెట్టెలో చేరినదా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

ఈ ప్రశ్న చిన్నది కాదు. అస్సాము తేయాకు తోటలలో నలుబది యేండ్లు దాటిన 751 మంది కూలీలపై జరిపిన పరీక్షా ఫలితములు 2018లో వెలువడినవి. దగ్గరి చూపు జోళ్లు పెట్టుకొన్నవారు తక్కినవారికంటె సుమారు 22 శాతము అధికముగా పని చేయగలిగిరి. భద్రాచలము అడవి అంచున వేసవిలో తునికాకు కోయువారి పనియు ఇట్టిదే. చిల్లులేని లేతాకును ఏరవలెను, ఏబది ఆకులు లెక్కించి కట్ట కట్టవలెను, కల్లములో లెక్క చూచుకొనవలెను. ఇదంతయు కంటి పని. చత్వారము వచ్చిన కన్నుతో చేసినచో కూలి తగ్గును. బియ్యములో రాళ్లేరు ఇల్లాలికిని, సూదిలో దారమెక్కించు దర్జీకిని ఇదే న్యాయము.

మరి పెట్టుకొననిదెందుకు? మొదటిది, కుదరకపోవుట. చెమటకు జారును, ముక్కును నొక్కును, చెవి వెనుక ఒరయును. రెండవది, సిగ్గు. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని ముఖమున కళ్లజోడు విద్యాచిహ్నముగా శోభించినది. అదే మన ఇంటి ఆడపిల్ల ముఖమున లోపముగా తోచును. పెండ్లిచూపులనాడు జోడు తీయించిన తల్లులు లేకపోలేదు. వచ్చినవారు పిల్లను చూచిరే గాని, పిల్లకు వారి ముఖములు మసకగానే కనబడియుండును. ఆ చూపులు ఒకవైపే సాగినవన్నమాట!

కాబట్టి అందమును గూర్చి విచారించుట వృథా డంబమని మేమనము. నచ్చిన జోడే ముఖముపై నిలుచును. ఎన్నుకొనునప్పుడు మొదట కుదురు చూడవలెను. కనుపాప అద్దపు నడిమికి రావలెను. చట్రము ముఖమంత వెడల్పుండవలెను. ముక్కుపై బరువు రెండు ప్రక్కల సమముగా ఆనవలెను. నవ్వినప్పుడు చెక్కిళ్లు జోడును పైకెత్తినచో అది లోతెక్కువైన చట్రము. ఆ తరువాత సొగసు. గుండ్రని ముఖమునకు కొంచెము కోణములు గలదియు, పొడుగు ముఖమునకు లోతైనదియు ఒప్పును. హ్రస్వదృష్టికి బలమైన అద్దములు కావలసినవారు చిన్న చట్రమును కోరినచో అంచుల మందము తగ్గును. ప్లాస్టిక్ అద్దములు గాజులో సుమారు సగము బరువే గనుక ముక్కునకు సుఖము.

అమ్మువారు మరువరాని సంగతి యొకటి కలదు. దూరపు చూపు లేనివాడు ఉత్త చట్రము పెట్టుకొని అద్దములో చూచుకొన్నచో తన ముఖమే తనకు తేటగా కనబడదు. అట్టివానికి తోడు వచ్చినవారి మాట కావలెను. వారు లేనిచో అంగడివాడే నిజము చెప్పవలెను. జంట అద్దములు క్రొత్తగా పెట్టుకొన్నవారికి క్రింది సగములోనుండి మెట్లు మసకగా కనబడును. భద్రాద్రి రాముని గుడిమెట్లు దిగునప్పుడు గడ్డము వంచి పై సగముతో చూడుడని వారికి చెప్పి పంపవలెను.

మా శ్రోతల ఇండ్లలో పెట్టెలో పడియున్న జోడేదైన ఉన్నచో, దానిని తీసికొని అంగడికి పొండు. కాడలు వంచి, ముక్కు దగ్గర సరిచేయుటకు పట్టునది కొద్ది నిమిషములే.