మధువు – నంజుడు

పాఠశాలలయందుఁ గావ్యపాఠము చెప్పునపుడు మధువు, ఆసవము, మైరేయము, ప్రసన్న యను శబ్దముల కన్నిటికిని గల్లని యొక్కటే యర్థము చెప్పి ముందునకు సాగుట వాడుక. నిఘంటువునఁ జేరికగాఁ జదివిన పదములెల్ల నొక్క వస్తువునే తెలుపునని తలఁచుట యీ పొరపాటునకు మూలము. ప్రాచీనులు మద్యములను ద్రవ్యమునుబట్టియు, రుచినిబట్టియు వేఱుపఱచిరి. పానముతోఁ గొఱికెడు భక్ష్యమునకును బ్రత్యేకముగా నొక పేరిడిరి.

కౌటిల్యుని యర్థశాస్త్రమందలి సురాధ్యక్షప్రకరణమున మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు నని యాఱు భేదములు గలవు. మేదకము బియ్యముతోను, ప్రసన్న పిండితోను, ఆసవము వెలగపండు, ఫాణితము, తేనెలతోను సిద్ధమగును. మైరేయమున మేషశృంగి చెక్క కషాయము, బెల్లము, పిప్పలి, మిరియములు చేరును. కావున నది తీపును గారమును గలసిన పానము. మధువన్ననో ద్రాక్షరసము. దానికిఁ గాపిశాయనము, హారహూరకము నని పుట్టినచోటినిబట్టి పేరులు. కాపిశి నేఁటి ఆఫ్గనిస్థానమందలి బెగ్రాము ప్రాంతము. కాపిశాయనశబ్దమును సాధించుటకుఁ బాణినియు సూత్రము చేసెను. ఫ్రాన్సుదేశపు శాంపేను, బోర్డో మద్యములు నేలపేరులతోఁ బరఁగునట్లే యిదియును.

సుశ్రుతుఁడు ద్రాక్షమద్యము మధురము, విదాహము గలిగింపనిదని మెచ్చి, ఖార్జూరము దానికంటెఁ గొంచెమే తక్కువ గుణము గలదనెను. ఈ మాట ఆలూరుసీమకుఁ జాల దగ్గఱ. ఆలూరు, ఆదవాని ప్రాంతములఁ గల్లనఁగా ముఖ్యముగా ఈతకల్లు. ఈత ఖర్జూరజాతి వృక్షము. అయినను ఖార్జూరము పండ్లతోఁ జేసినది కావచ్చును. ఈతకల్లు చెట్టునుండి కాఱెడు రసము. జాతి యొక్కటియైనను ద్రవ్యము వేఱని గ్రహింపవలయును. వేకువను దింపిన యీ రసము తియ్యగా నుండి, ప్రొద్దెక్కినకొలఁదిని బులియును.

ద్రాక్షయు నీ సీమకుఁ గ్రొత్తది కాదు. ఆలూరునకుఁ బడమటనున్న విజయనగరమును 1520 ప్రాంతమునఁ జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పేసు, అచట ద్రాక్షగుత్తులు పణమునకు మూఁడు చొప్పున నమ్ముదురని వ్రాసెను. దీనివలన ద్రాక్ష ఫలముగా నమ్ముడైనట్లు తేలునేగాని ద్రాక్షమద్యము చేసిరని సిద్ధింపదు.

ఇఁక భక్ష్యము. అమరసింహుఁడు మద్యనామముల చెంతనే యవదంశమను పదమును జదివెను. దంశమనఁగాఁ గొఱుకుట, పానమునకు రుచి పుట్టించుటకై కొఱికెడు భక్ష్యమని తాత్పర్యము. తెలుఁగున దీనికి సాటి నంజు ధాతువు. నంజుకొనుట యనఁగా నొక రుచికి వేఱొక రుచిని జేర్చి కొంచెము కొంచెముగాఁ దినుట. మాంసమునకుఁ గల నంజుడను పేరును దీనితోఁ జేర్చి చూడఁదగును. కల్యాణి చాళుక్యుఁడు మూఁడవ సోమేశ్వరుని (1126–1138) మానసోల్లాసమున మదిరాపానము క్రీడలలో నొకటి. ఆదవాని చుట్టునున్న సిందవాడిసీమ యా చాళుక్యుల యేలుబడిలోనిదే.

పులుపుగల తెల్లద్రాక్షమద్యమునకుఁ జేఁపలు, వగరుగల యెఱ్ఱమద్యమునకు మాంసము తగునని పాశ్చాత్యుల మతము. పులుపు చేఁపల నీచును విఱుచును. మాంసముతోఁ గలసిన వగరు మెత్తఁబడును. పులిసిన కల్లునకు ఉప్పును గారమును గల సెనగగుగ్గిళ్లు, వేఁపుడు మాంసము నంజుటయు నీ న్యాయముననే. ఇందు మిరపకాయ పోర్చుగీసువారి రాకకుఁ దరువాతిది. సోమేశ్వరుని నాఁటి కారము మిరియములదే.

1937లోఁ బుట్టిన మద్యనిషేధ చట్టము సేలము జిల్లాతో మొదలై 1948 నాఁటికి మద్రాసు రాజధాని యంతటను వ్యాపించెను. అప్పుడు బళ్లారి జిల్లాలోనిదైన ఆలూరును అందుఁ జేరెను. పానము తగునా తగదా యనుట ధర్మశాస్త్రవిషయము. పదముల యర్థమును గాపాడుట పండితుల పని. మైరేయపు మిరియపు ఘాటును, మధువునందలి ద్రాక్షతీపును నొక్క కల్లుకుండలోఁ బోసినచోఁ గవి యెన్నికొన్న మాట వ్యర్థమగును. చట్టము పానమును నిషేధించెనేగాని పదార్థజ్ఞానమును నిషేధింపలేదు.