రికార్డుకెక్కని హక్కు

కొమురం భీం అనగానే ఇప్పుడు చాలామందికి 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ గుర్తొస్తుంది. కాస్త చరిత్ర తెలిసినవాళ్లకైతే ‘జల్, జంగల్, జమీన్’ నినాదం. నాకు రెండిటితోనూ ఒకటే పేచీ. ‘ఎందుకు?’ అన్న ప్రశ్నని రెండూ తొందరగా ముగించేస్తాయి. దొరలు దుర్మార్గులు, రాజు నిరంకుశుడు, అందుకే జనం తిరగబడ్డారు అనేస్తే సరిపోతుందా? ఏడో నిజాం గద్దెనెక్కింది 1911లో. జోడేఘాట్ కాల్పులు జరిగింది 1940లో. నిరంకుశత్వం ఒక్కటే కారణమైతే ఆ ఇరవై తొమ్మిదేళ్లూ ఏం జరిగినట్టు?

ఆదిలాబాద్ కొండల్లో జరిగింది ఏమిటంటే, నేల మెల్లగా కాగితంలోకి మారింది. గోండులు, కోలాములు ఒక చెలకను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గగానే వదిలేసి ఇంకో చోటికి పోయేవాళ్లు. వదిలేసిన భూమి మళ్లీ అడవిలా పెరిగేది. కొన్నేళ్లకు తిరిగొచ్చి దాన్నే కొట్టుకునేవాళ్లు. ఊళ్లో ఎవరి చెలక ఏదో అందరికీ తెలుసు. కాగితం అవసరం పడలేదు.

తర్వాత ‘జంగ్లాత్’ వచ్చింది. అటవీశాఖని అప్పుడు అలాగే పిలిచేవాళ్లు. అడవికి హద్దులు గీసి రిజర్వు చేయడం మొదలైంది. హద్దు గీసే రోజున బీడుగా ఉన్న భూమికి యజమాని లేడని లెక్క. విశ్రాంతి కోసం వదిలిన చెలక సర్కారు అడవి అయిపోయింది. కొట్టుకుంటే నేరం, పశువుని మేపితే పుల్లరి, కట్టెకి జుర్మానా. వీటన్నిటికీ మధ్య చౌకీదారుకి ఇవ్వాల్సిన మామూళ్లు.

రిజర్వుకి బయట మిగిలిన భూమి సంగతి ఇంకోలా ఉంది. అక్కడ పట్టా ఉంటేనే హక్కు. చాలామంది గోండులు ‘శివాయి జమాబందీ’ కింద, అంటే పట్టా లేకుండానే సర్కారు భూమి దున్ని శిస్తు కట్టేవాళ్లు. పట్టా కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. దఫ్తర్ల భాష ఉర్దూ, వీళ్ల ఇంటి భాష గోండి. కాజీపేట-బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయ్యాక పత్తి వ్యాపారులు, వడ్డీ వ్యాపారులు, భూమి వెతుక్కునే బయటి రైతులు కొండల దాకా వచ్చేశారు. వాళ్లకి దరఖాస్తు రాయడం తెలుసు. పట్వారీ తెలుసు. తాతల నాటి నుంచి దున్నుతున్నవాడు కొత్త పట్టాదారు దగ్గర కౌలుదారయ్యాడు.

రోజూ డేటాబేస్‌లతో బతికేవాణ్ని కాబట్టి నాకు ఇది బాగా అర్థమవుతుంది. టేబుల్‌లో వరస లేకపోతే ఆ మనిషి సిస్టమ్‌కి లేనట్టే. తేడా ఏమిటంటే మా దగ్గర తప్పుందని చెప్పుకోవడానికి ఒక చోటు ఉంటుంది.

రాజరికం ఇక్కడే కథలోకి వస్తుంది. బాబేఝరి, జోడేఘాట్ వాళ్లలో నిజాంను కళ్లతో చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లకి తెలిసిన సర్కారు చౌకీదారే. కానీ ఆ చౌకీదారు మీద ఎవరికి చెప్పుకోవాలి? ఎన్నికైన శాసనసభ లేదు. 1929 నాటి గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ పెట్టాలన్నా అనుమతి కావాలి. చెప్పుకోవడానికి మిగిలింది అర్జీ ఒక్కటే. అది తిరిగి వచ్చేది కింది అధికారి చేతికే. భీం బృందం ఆయుధాలు పట్టడానికి ముందు అడిగింది సింహాసనం కాదు. దున్నుకుంటున్న నేలని దున్నుకోనివ్వమని. జవాబుగా 1940లో పోలీసులొచ్చారు, భీం చనిపోయాడు.

ఆ తర్వాతే ప్రభుత్వం కారణాలు వెతికింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన అక్కడ ఉండి చూసి, హద్దులు గీయడంలో జరిగిన అన్యాయాన్ని, లంచాలని, చేతులు మారిన భూముల్ని రాశాడు. మార్లవాయిలో గోండి బడి మొదలైంది. 1940ల చివరికి సుమారు 1,60,000 ఎకరాలు గిరిజనుల పేర్ల మీద ఎక్కాయి. అంటే ఇవ్వగలిగిందే. ఇవ్వడానికి ముందు మనుషులు చావాల్సొచ్చింది. నిజాంను మంచివాడని గానీ చెడ్డవాడని గానీ తేల్చడం కంటే నాకు ఇదే పెద్ద ఆరోపణగా అనిపిస్తుంది: తుపాకీ పేలితే తప్ప కింది మాట పైకి వినపడని ఏర్పాటు అది.

గోదావరి దాటి కరీంనగర్ వైపు వస్తే ఇదే జబ్బు తిరగేసి కనిపిస్తుంది. ఆదిలాబాద్‌లో బతుకులో ఉన్న హక్కు కాగితంలో లేదు. ఇక్కడ కాగితంలో ఉన్న హక్కు బతుకులో లేదు. వెట్టి చేయించుకోకూడదని సర్కారు హుకుములు ఉన్నాయి. అయినా గడీలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు ఊరికే పని చేస్తూనే ఉన్నాయి. హుకుం అమలు చేయాల్సిన పటేలూ పట్వారీ దొర మనుషులే మరి. ఆంధ్ర జన సంఘం వాళ్లు వెట్టి మీద చిన్న పుస్తకం వేసి పంచింది అందుకే: ‘నిషేధం ఉందయ్యా’ అని జనానికి చెప్పడానికి. 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగో ఆంధ్ర మహాసభ జరిగింది. పదమూడేళ్ల తర్వాత, 1948 మార్చి 14న, హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు నిజాం పోలీసులతో పోరాడి చనిపోయారు. తీర్మానాల నుంచి తుపాకుల దాకా పట్టిన కాలం అంతే.

అదే ఏడాది సెప్టెంబర్‌లో రాజు పోయాడు. కారణాలు పోయాయా? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అప్పటికి రాజు లేడు, ఎన్నికైన ప్రభుత్వం ఉంది. కాబట్టి ‘నిరంకుశ రాజు మీద తిరుగుబాటు’ అని శీర్షిక పెట్టి ఆ ఫైలు మూసేయడం మనకి సౌకర్యం తప్ప నిజం కాదు.

2023 జూన్ 30న రాష్ట్ర ప్రభుత్వం పోడు భూములకి పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. మొదలుపెట్టిన చోటు ఆసిఫాబాద్, ఆ జిల్లా పేరు ఇప్పుడు కొమురం భీం ఆసిఫాబాద్. ఆయన పేరు సర్కారు రికార్డులోకి ముందే ఎక్కింది. ఆయన అడిగిన చెలకలు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.