వార్డెన్ సంతకం



అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అబార్షన్ చట్టాలు బిగిస్తుంటే, 2019 జూన్‌లో 180కి పైగా కంపెనీలు న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ప్రకటన ఇచ్చాయి. ఈ చట్టాలు వ్యాపారానికి నష్టమన్నాయి (లెక్క వాళ్లదే లెండి). 2022లో అక్కడి సుప్రీంకోర్టు 1973 నుంచి ఉన్న హక్కును కొట్టేసింది. వైద్యం కోసం వేరే రాష్ట్రానికి పోయే ఉద్యోగినుల ప్రయాణ ఖర్చు భరిస్తామని మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటివి చెప్పాయి. మంచిదే. ఆమె ఒళ్లు, ఆమె నిర్ణయం.

మరి మన దగ్గర? 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. టీకా ఇచ్చింది మెర్క్ అనే అమెరికా కంపెనీ, నడిపింది పాత్ అనే సంస్థ. ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కూడా కలిశాయి. టీకా మంచిదా చెడ్డదా అని కాదు మేం అడిగేది. అమ్మానాయన గూడెంలో ఉంటే, హాస్టల్ పిల్ల తరఫున సరే అన్నదెవరు? తర్వాత విచారణలో చూసిన 9,543 ఫారాల్లో 2,763 మీద వార్డెన్లు, హెడ్మాస్టర్ల సంతకాలే. 1,948 మీద వేలిముద్రలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌ను గట్టిగా తప్పుపట్టింది.

హాస్టల్లో పెరిగిన మనకు వార్డెన్ సంతకం కొత్త కాదు. ఊరికి పోవాలన్నా అదే కావాలె.

ఆ అక్కలకు ఇప్పుడు ముప్పైకి అటూ ఇటూ ఉంటాయి. మీ గూడెంలో ఎవరైనా ఉంటే అడగండి, ఆ రోజు ఏం చెప్పి సూది వేశారో.