అడవి కర్బనం: తెలుగు నేలపై దాని వెల, విధానాల చరిత్ర

చెట్ల కాండాల్లో, కొమ్మల్లో, వేళ్లలో, రాలిన ఆకులో, అడవి నేలలో నిల్వ ఉన్న కర్బనాన్ని అడవి కర్బనం అంటారు. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని చెక్కగా మార్చుకుంటుంది. ఆ చెక్క కాలినా కుళ్లినా అదే వాయువు మళ్లీ గాలిలో కలుస్తుంది. భూమి వేడెక్కుతున్న కాలంలో ఈ నిల్వకు ధర కట్టాలని, పెంచినవారికి డబ్బు ఇచ్చి, తగ్గించినవారి దగ్గర వసూలు చేయాలని 1990ల నుంచి ప్రయత్నాలు సాగుతున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ ధర మూడు చోట్ల నిర్ణయమైంది: కార్బన్ క్రెడిట్ల బజారులో, సుప్రీంకోర్టులో, కేంద్ర ఆర్థిక సంఘంలో. మూడింటి లెక్కలూ వేరు.

కర్బనాన్ని నేరుగా తూచడం కుదరదు. అడవిలో కొన్ని నమూనా గళ్లు ఎంచుకుని, వాటిలోని ప్రతి చెట్టుకూ రొమ్ము ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటారు. చుట్టుకొలత, ఎత్తు, ఆ జాతి చెక్క సాంద్రత తెలిస్తే ఎండు బరువు అంచనాకు వస్తుంది. అందులో దాదాపు సగం కర్బనం. దాన్ని 3.67తో హెచ్చిస్తే బొగ్గుపులుసు వాయువు లెక్క తేలుతుంది. ఎండు బరువు 500 కిలోలు ఉన్న నల్లమద్ది చెట్టు ఒకటి సుమారు 250 కిలోల కర్బనాన్ని, అంటే 900 కిలోలకు పైబడిన వాయువును పట్టి ఉంచినట్టు. క్రెడిట్లను టన్నుల్లో అమ్ముతారు కాబట్టి ఆ చెట్టు మొత్తం కలిపినా ఒక క్రెడిట్‌కు కాస్త తక్కువే.

పాలమూరు ప్రాంతంలో ఈ నిల్వ అంతా ఒక పక్కనే ఉంది. గద్వాల, వనపర్తి జిల్లాల్లో అడవి కొద్ది. వీపనగండ్ల మండలం చుట్టూ కనిపించేవి ప్రధానంగా పొలాలు, దక్షిణాన కృష్ణా నది. అక్కడి నుంచి తూర్పుగా నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వెళ్లి కొల్లాపూర్ దాటితే నల్లమల అడవి మొదలవుతుంది. 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో తెలంగాణ వాటాకు వచ్చిన భాగమే అమ్రాబాద్ టైగర్ రిజర్వు. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఇది ఆకురాల్చే అడవి. వేసవి ముందు గడ్డి, ఆకు ఎండి మంటలు రేగుతాయి. అటవీ శాఖ ఏటా ఫైర్ లైన్లు గీసినా మంటలు పూర్తిగా ఆగవు. కర్బనం నిల్వ శాశ్వతమేనా అన్న ప్రశ్న ఇక్కడ ప్రతి ఫిబ్రవరిలోనూ ఎదురవుతుంది.

కర్బనం మాట వినిపించక ముందే అడవిని ఊరితో కలిసి కాపాడే ఏర్పాటు మొదలైంది. 1990 జూన్ 1న కేంద్రం జారీ చేసిన ఉమ్మడి అటవీ యాజమాన్య ఉత్తర్వును 1992లో ఆంధ్రప్రదేశ్ అమల్లోకి తెచ్చింది. 1994లో ప్రపంచ బ్యాంకు రుణంతో అటవీ ప్రాజెక్టు, 2002లో సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు వచ్చాయి. వన సంరక్షణ సమితులు వేల సంఖ్యలో ఏర్పడ్డాయి. వెదురులో, కలప రాబడిలో సమితికి వాటా అన్నారు. కర్బనం ఊసు అప్పటి ఒప్పందాల్లో లేదు.

ఈలోగా 1997లో క్యోటో ఒప్పందం కుదిరింది. పేద దేశాల్లో తగ్గిన ఉద్గారాలను ధనిక దేశాలు కొనుక్కునే వీలు దాని ద్వారా వచ్చింది. తెలుగు పల్లెల్లో బాగా పేరుకెక్కిన అమ్మకం 2003 అక్టోబరులో నాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో జరిగింది. ఆ గోండు గూడెం మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి, నూనె ఆడించేవి. పదేళ్లలో ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే 147 టన్నుల వాయువు గాలిలో చేరకుండా ఆగుతుందని లెక్కగట్టి, ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు వల్ల గాలిలో కలిసిన కర్బనానికి అది పరిహారం. టన్నుకు నాలుగు డాలర్లు దాటింది. నిజానికి సంఘాలు అమ్మింది అడవి కర్బనం కాదు, ఇంధనంలో ఆదా. అయినా చెట్టు నుంచి అలాంటి రాబడి కూడా వస్తుందని పల్లెకు తెలిసింది దీనితోనే. ఆ డబ్బులో కొంత కానుగ నర్సరీకి వెళ్లింది.

అసలు అడవి క్రెడిట్లకు క్యోటో నియమాలు ఇరుకైన దారే వదిలాయి. కొత్తగా నాటిన చెట్లకే అర్హత ఉండేది. ఉన్న అడవిని నరక్కుండా ఉంచినందుకు ఏమీ వచ్చేది కాదు. చెట్టు ఎప్పుడైనా కాలిపోవచ్చు కాబట్టి ఇచ్చే క్రెడిట్లు కూడా తాత్కాలికమే, గడువు తీరాక కొన్నవాడు వేరే క్రెడిట్లు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఐరోపా కార్బన్ బజారు వాటిని అసలు తీసుకోలేదు. ఇన్ని చిక్కుల మధ్య కూడా ఖమ్మం జిల్లాలో కాగితపు గుజ్జు కోసం ఐటీసీ ప్రోత్సహించిన సామాజిక వనాల ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి వద్ద నమోదైంది. సుమారు 3,000 హెక్టార్లలో రైతులు జామాయిల్ వేశారు. ఉత్తరాంధ్రలో, పక్కనే ఒడిశా కొండల్లో జేకే పేపర్ చుట్టూ ఇలాంటిదే మరొకటి నడిచింది. ఈ తోటల్లో రైతుకు అసలు రాబడి గుజ్జు కలపదే, క్రెడిట్ పైకం కొసరు. అరకులో 2010 నుంచి నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ నిధి కలిసి చేసిన పని వేరు తరహాది. కాఫీ, మామిడి, నీడనిచ్చే చెట్లు కలిపి దాదాపు 6,000 హెక్టార్లలో 60 లక్షల మొక్కలు నాటించారు. పెట్టుబడి పెట్టిన కంపెనీలకు క్రెడిట్లు, గిరిజన రైతులకు పంట. మొక్కల ఖర్చు ముందే చేతికి రావడం ఇందులో మేలైన అంశం. క్రెడిట్ల కోసం ఏళ్ల తరబడి కాచుకుని ఉండగల స్తోమత చిన్న రైతుకు ఉండదు.

పాత అడవికి వెల కట్టింది బజారు కాదు, కోర్టు. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12 నాటి ఆదేశం తర్వాత అటవీ భూమి మళ్లింపు మీద సుప్రీంకోర్టు పట్టు బిగించింది. భూమి తీసుకునే సంస్థ బదులు మొక్కలు నాటించడమే కాక, అడవి ఇచ్చే సేవల నికర ప్రస్తుత విలువ కూడా కట్టాలని చెప్పింది. కాంచన్ చోప్రా కమిటీ నివేదిక ఆధారంగా సాగిన కసరత్తులో కలప, వంటచెరకు, పశుగ్రాసంతో పాటు కర్బనం నిల్వ కూడా ఒక పద్దుగా చేరింది. 2008లో హెక్టారు ధర రూ. 4.38 లక్షల నుంచి రూ. 10.43 లక్షలు. అభయారణ్యంలో అయితే దానికి ఐదింతలు, జాతీయ పార్కులో పదింతలు. 2022 జనవరిలో ఈ ధరలను రూ. 9.57 లక్షల నుంచి రూ. 15.95 లక్షలకు పెంచారు. ఆ సొమ్ము చేరే ఖాతా ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి (కాంపా). ఏళ్ల తరబడి ఢిల్లీలో నిలిచిపోయిన ఈ నిధిని పంచడానికి 2016లో చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో తెలంగాణకు రూ. 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు రూ. 1,734 కోట్లు విడుదలయ్యాయి. ఈ పద్ధతిలో ఒక వింత ఉంది: అడవికి ధర పలికేది అది పోయినప్పుడే. నిలబడి ఉన్నంతకాలం కాంపా ఖాతాలో దాని పేర పైసా జమ కాదు. అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించినప్పుడు ఈ లోపం బయటపడింది. అన్వేషణను ఆపింది ధరల పట్టిక కాదు, జనం నిరసన. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

నిలబడిన అడవికి నేరుగా పైకం ఇచ్చిన ఏర్పాటు ఆర్థిక సంఘానిది. దేశంలో సాగిన అతి పెద్ద అడవి చెల్లింపు ఇదేనంటే అతిశయోక్తి కాదు, అయినా దాని గురించి చర్చ తక్కువ. 12వ సంఘం రూ. 1,000 కోట్లు, 13వది రూ. 5,000 కోట్లు గ్రాంటుగా ఇచ్చాయి. 14వ సంఘం 2015 నుంచి కేంద్ర పన్నుల పంపకంలోనే అడవికి 7.5 శాతం తూకం ఇచ్చింది, 15వది దాన్ని 10 శాతం చేసింది. అయితే డబ్బు రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. అడవి పక్కన ఉన్న మండలానికి ఇంత అని విడదీసే నియమం ఏదీ లేదు.

2015 జూలై 3న తెలంగాణలో మొదలైన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం, రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది పారిస్‌లో భారత్, 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250-300 కోట్ల టన్నుల వాయువును పట్టి ఉంచుతామని మాట ఇచ్చింది. 2023 నాటి దేశ అటవీ స్థితి నివేదిక ప్రకారం 2005తో పోలిస్తే 229 కోట్ల టన్నులు చేరాయి. 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం పెరుగుదలలో ఆంధ్రప్రదేశ్ (647 చదరపు కిలోమీటర్లు) మొదటి స్థానంలో, తెలంగాణ (632) రెండో స్థానంలో నిలిచాయి. ఈ అంకెలను కాస్త జాగ్రత్తగా చదవాలి. కనీసం ఒక హెక్టారులో పది శాతం నీడ ఉంటే, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా, ఉపగ్రహం లెక్కలో అది అడవే. మామిడి తోట, జామాయిల్ తోట, నల్లమల ఒకే పద్దులో చేరతాయి.

హక్కుల సంగతి ఇంకా తేలలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, తునికాకు వంటి చిన్నతరహా ఉత్పత్తులను అడవిబిడ్డలవిగా గుర్తించింది. కర్బనం ప్రస్తావన అందులో లేదు. తరతరాలుగా నల్లమలలో ఉంటున్న చెంచులు తేనె, జిగురు గిరిజన సహకార సంస్థకు అమ్ముకోగలరు. చెట్టులోని నిల్వ మీద వారికి హక్కు ఉందో లేదో చట్టం చెప్పదు. 2023లో అటవీ సంరక్షణ చట్టం సవరణ, కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం, గ్రీన్ క్రెడిట్ నియమాలు ఒక్క ఏడాదిలోనే వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన గ్రీన్ క్రెడిట్ పద్ధతి, క్షీణించిన అటవీ భూమిలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు ఉండాలని, ఒక్కో చెట్టుకు ఒక్కో క్రెడిట్ అని నిర్ణయించింది. పొదలు, గడ్డి ఉన్న మెట్ట అడవిని క్షీణించిన నేలగా లెక్కిస్తే పశువుల మేత, చెంచుల దుంపలు ఏమవుతాయన్న అభ్యంతరం వచ్చింది. 2025లో ఆ పద్ధతిని సవరించారు.