జీడి వేరును తొలిచే పురుగు, మొక్కజొన్న నేర్పిన పాఠం

పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన జీడిమామిడి ఉద్దానం ఇసుక నేలల్లో పాతుకుపోయింది. మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో రాలిన పిక్కలు పలాస-కాశీబుగ్గ కర్మాగారాల్లో పప్పవుతాయి. ఈ తోటలను కూల్చే శత్రువు చెట్టు మొదట్లోనే కాపురముంటుంది. కాండం, వేరు తొలిచే ఈ పురుగు ఒక జాతి పెంకుపురుగు. తల్లి పురుగు బెరడు పగుళ్లలో, బయటికి తేలిన వేళ్లపై గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు బెరడు కింద తినుకుంటూ పోతాయి. చెట్టు మొదలు దగ్గర బంక కారి, పిప్పి రాలుతుంది. ఆకులు పసుపుబారేసరికి చాలా చెట్లు చేయి దాటిపోతాయి.

జన్యుమార్పిడితో ఈ పురుగును ఆపలేమా అనిపించవచ్చు. తెలుగు రైతుకు జన్యుమార్పిడి అంటే 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి. దానిలోని విషపదార్థం కాయతొలుచు పురుగులకే గానీ పెంకుపురుగులకు పనిచేయదు.

వేళ్లను తినే మరో జాతి పెంకుపురుగుపై అసలు పోరు అమెరికా మొక్కజొన్న చేలల్లో సాగింది. నేలలో చల్లిన ఆల్డ్రిన్ వంటి మందులకు 1960 ప్రాంతానికే అక్కడి పురుగు తట్టుకుంది. పంట మార్చి చూశారు. ఇల్లినాయిలో అది సోయా చేలల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఆ ఎత్తునూ చిత్తు చేసింది. 2003లో పెంకుపురుగులను చంపే బీటీ జన్యువుతో మొక్కజొన్న వచ్చింది. మందుల వాడకం తగ్గింది, వేళ్లు నిలిచాయి. కానీ ఆ విషం అన్ని పురుగులనూ చంపలేదు. ఏటేటా అదే విత్తనం వేసిన చేలల్లో బతికినవే సంతానం పెంచాయి. 2009లో అయోవా పొలాల్లో సేకరించిన పురుగులు బీటీని తట్టుకుంటున్నాయని 2011లో వెలువడిన పరిశోధన తేల్చింది. పురుగు శరీరంలో ఒక ముఖ్య జన్యువు పనిని ఆపే ఆర్‌ఎన్‌ఏ పద్ధతికి 2017లో అక్కడ అనుమతి లభించింది.

అలాంటి జన్యువును జీడికి తేవాలన్నా, మన దేశంలో బీటీ వంకాయే 2010 ఫిబ్రవరిలో అనుమతి దశలో ఆగిపోయింది. పైగా మొక్కజొన్న విత్తనాన్ని ఏటా మార్చవచ్చు. జీడిచెట్టు దశాబ్దాలు నిలవాలి. ఒక్క జన్యువును నమ్ముకుంటే, పురుగు దాన్ని తట్టుకున్నాక తోటనంతా మార్చడం రైతు తరం కాదు.

అందుకే పాత పద్ధతులకే విలువ. మొదళ్లను తరచూ చూడడం, బంక కనిపించిన చోట బెరడు చెక్కి పురుగును తీసేయడం, వేపనూనె పూయడం, బాగు చేయలేని చెట్లను పెకలించి తొలగించడం తప్పవు. ముదురు చెట్లకే ఈ బెడద ఎక్కువ. 2018 అక్టోబరు 11నాటి తిత్లీ తుపాను తోటలను కూల్చాక నాటిన మొక్కలు ఆ వయసుకు చేరేలోగానే టెక్కలి, పలాస ప్రాంత రైతులు ఈ పనిని ఊరుమ్మడిగా చేపట్టాలి. ఒక్కరి తోటలో వదిలేసిన ఎండుచెట్టు నుంచే పురుగు పక్క తోటలకు ఎగురుతుంది.