వంపుకు హద్దు గీసే పెట్టె

బయట బాలానగర్ మే నెల ఎండలో మండిపోతోంది. టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్ 1968 నుంచీ ఉన్న ఈ పేటలో, ఒక చిన్న కార్ఖానా తలుపు తోసుకుని మీరు లోపలికి వస్తారు. ఒళ్లు చల్లబడుతుంది. ఇది కొలతల గది. ఎప్పుడూ 20 డిగ్రీలే. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత అది. గ్రానైట్ బల్ల మీద కొలతల మిషన్ (సీఎంఎం) ప్రోబ్ కదులుతోంది. దాని కొసన ఉన్న కెంపు బంతి ఉక్కు ప్లేటు అంచును ముట్టుకుంటుంది, వెనక్కి తగ్గుతుంది, కాస్త జరిగి మళ్లీ ముట్టుకుంటుంది.

అది ప్యాకింగ్ మిషన్‌లో బిగించే కామ్ ప్లేటు. మధ్యలో బోర్, బోర్‌లో కీవే, చుట్టూ మలుపులు తిరిగిన అంచు. షాఫ్ట్‌తో పాటు ప్లేటు అటూ ఇటూ ఊగుతుంటే, అంచు మీద దొర్లే రోలర్ లేస్తుంది, దిగుతుంది. ఎప్పుడు లేవాలి, ఎంత లేవాలి అన్నదంతా ఆ వంపులోనే ఉంది.

పక్కన పరిచిన డ్రాయింగ్ మీదికి వంగండి. వంపు కొలతలన్నీ చిన్న చిన్న పెట్టెల్లో ఉన్నాయి. అవి బేసిక్ డైమెన్షన్లు. వాటికి ప్లస్ మైనస్ ఉండదు. అవి అచ్చమైన రూపాన్ని చెబుతాయి. ఎంత తేడా చెల్లుతుందో చెప్పేది అంచుకు బాణంతో తగిలించిన మరో పెట్టె. అందులో మొదటి గడిలో అడుగున గీతతో మూసిన అర్ధవృత్తం: సర్ఫేస్ ప్రొఫైల్ గుర్తు. రెండో గడిలో 0.1. అచ్చమైన వంపుకు బయట 0.05, లోపల 0.05 మిల్లీమీటర్ల దూరంలో కనిపించని రెండు గోడలు లేచాయనుకోండి. ప్లేటు అంచు మొత్తం ఆ గోడల మధ్యే ఉండాలి. మూడో గడి లేదు.

తెర మీద ఫలితం వచ్చింది: 0.06. డిజైనర్ అమ్మాయి ముఖం విప్పారింది. కొలతలు తీస్తున్న పెద్దాయన మాత్రం ప్లేటు వైపే చూస్తున్నారు.

"ఏమ్మా, ఈ వంపు దేన్ని పట్టుకుని నిలబడాలి?"

"బోర్‌ని, సార్."

"ఆ మాట డ్రాయింగ్‌లో ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. డేటమ్, అంటే కొలతకు ఆధారం, చెప్పలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ కొలిచిన బిందువులను జరిపి, తిప్పి, రూపానికి బాగా సరిపోయే చోట కూర్చోబెట్టింది. ఆయన ఇప్పుడు ప్లేటు ముఖాన్ని ఏ, బోర్‌ను బీ, కీవేను సీగా పెట్టి అవే బిందువులను మళ్లీ లెక్కించారు. ఒక పక్క అంచు 0.09 బయటికి పొడుచుకొచ్చింది. ప్రొఫైల్ విలువను పెద్ద తేడాకు రెట్టింపుగా రాస్తారు: 0.18. ప్లేటు అదే, తీర్పు తిరగబడింది. వంపు చక్కగానే ఉంది. బోర్ నుంచి ఉండాల్సిన చోట లేదు.

అమ్మాయి మూడో గడి నుంచి ఏ, బీ, సీ వరసగా చేర్చింది. ఆ వరస ప్లేటు మిషన్‌లో కూర్చునే వరసే: ముందు ముఖం షాఫ్ట్ మెట్టుకు ఆనుతుంది, తర్వాత బోర్ మధ్యకు తెస్తుంది, చివరికి కీవే తిరగకుండా ఆపుతుంది. ఇప్పుడు ఆ ఒక్క పెట్టె వంపు రూపాన్నీ పరిమాణాన్నీ దిశనూ చోటునూ కలిపి పట్టుకుంటుంది.

ఆమె బాణం మలుపు దగ్గర ఆల్ అరౌండ్ సున్నా చుట్టబోయింది. "రోలర్ అంచంతా తిరుగుతుందా?" అన్నారాయన. తిరగదు. రోలర్ తాకే మేర రెండు కొసలకు జే, కే అక్షరాలు పెట్టి, వాటి మధ్య 0.1 ఉంచింది. మిగతా అంచుకు 0.5 చాలు. అవసరం లేని చోట హద్దు బిగిస్తే మిల్లింగ్‌లో గంటలు కరుగుతాయి.

కొత్త డ్రాయింగ్‌తో షాపులోకి నడవండి. మిల్లింగ్ ఆపరేటర్ పెట్టెను చదివి కాసేపు ఆలోచించాడు. ఇంతవరకూ ముందు అంచు కోసి, ప్లేటు విప్పి, తర్వాత బోర్ చేసేవాడు. "ఈసారి బోర్, కీవే ముందు పూర్తి చేసి, కీ ఉన్న మాండ్రిల్ మీద ఎక్కించి అంచు కోస్తాను" అన్నాడు.

చెప్పాల్సినది అతనికి ఎవరూ నోటితో చెప్పలేదు. మూడు అక్షరాలు చెప్పాయి. అందుకే గడిలో అంకె వేసేముందు డిజైనర్ మిషన్ దగ్గరికి వెళ్లాలి. ఆ భాగం దేన్ని ఆనుకుంటుందో, దేని చుట్టూ కదులుతుందో, ఏ మేర పని చేస్తుందో చూసి రావాలి.