బల్లేనికి గుచ్చిన సంధిపత్రం

మార్చి 9 దగ్గరపడితే బల్గేరియాలో చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకు హాస్కొవో పక్కనున్న క్లోకోట్నిత్సా గుర్తొస్తుంది. 1230లో ఆ రోజే అక్కడ ఇద్దరు చక్రవర్తులు తలపడ్డారు.

బల్గేరియన్లకూ గ్రీకులకూ వైరం అప్పటికే ఐదు వందల ఏళ్ల నాటిది. అదంతా చెప్పుకుంటూ కూర్చుంటే ఈ అనుబంధం చాలదు. నేరుగా 1204కి వద్దాం. జెరూసలేం పేరు చెప్పి బయల్దేరిన క్రూసేడర్లు దారిమళ్లి సాటి క్రైస్తవులైన గ్రీకు చక్రవర్తుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నారు. పోయిన సింహాసనానికి వారసులమంటూ బయల్దేరినవాళ్లలో ఎపిరస్ ప్రభువు థియొడోర్ కొమ్నెనోస్ ఒకడు. 1224లో థెస్సలొనీకి గెలిచి, ఓహ్రిడ్ ఆర్చిబిషప్ చేత చక్రవర్తిగా కిరీటం పెట్టించుకున్నాడు.

ఉత్తరాన బల్గేరియా చక్రవర్తి రెండో ఇవాన్ అసేన్‌తో అతనికి సంధి ఉంది, వియ్యమూ ఉంది. అసేన్ కూతుర్ని థియొడోర్ తమ్ముడు మాన్యుయెల్ పెళ్లాడాడు. అయినా 1230లో థియొడోర్ మాట తప్పి దండెత్తాడు. గెలుపు మీద ఎంత ధీమా అంటే, భార్యాపిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, దారిలో పల్లెల్ని దోచుకుంటూ, తీరుబడిగా పెళ్లివారిలా కదిలాడట!

అసేన్ దగ్గరున్నది చిన్న సైన్యం, తోడుగా కుమన్ తెగ రౌతులు. అతను చేసిన పని నాకు మహా ఇష్టం. థియొడోర్ ప్రమాణం చేసి ఇచ్చిన సంధిపత్రాన్నే బల్లేనికి గుచ్చి జెండాలా పైకెత్తించాడంటారు. ఇంతకంటే ఘాటైన అభియోగపత్రం ఏ న్యాయస్థానంలో దొరుకుతుంది? థియొడోర్ సకుటుంబంగా పట్టుబడ్డాడు. మామూలు సైనికుల్ని మాత్రం అసేన్ ఇళ్లకు పంపేశాడు. అది జాలో, రేపు వాళ్లనే ఏలుకోవాలన్న లెక్కో! బహుశా రెండూనూ. ఆ రోజు క్రైస్తవుల నలభై మంది అమరవీరుల పండుగ కావడంతో, రాజధాని టర్నొవోలో వాళ్ల పేరిటి చర్చిలో స్తంభం మీద తన విజయాన్ని చెక్కించాడు.

చెరలోనూ కుట్ర మానని థియొడోర్ కళ్లు పీకించాడు అసేన్. కొన్నేళ్లకు, భార్య పోయాక, థియొడోర్ కూతురు ఐరీన్ మీదే మనసుపడి పెళ్లాడాడు. మామ అయిపోయిన ఖైదీని వదలక తప్పింది కాదు. ఆ గుడ్డివాడు మళ్లీ థెస్సలొనీకి చేరి, అప్పటికి అక్కడ ఏలుతున్న తమ్ముడు మాన్యుయెల్‌ను దింపి తన కొడుకుని గద్దెనెక్కించాడు!

1241లో అసేన్ పోయాడు. ఆ వెంటనే మంగోలులు వచ్చిపడ్డారు, 1393లో టర్నొవో ఒట్టోమన్ తుర్కుల చేతికి చిక్కింది. ఇక ఒక్క గెంతులో ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1908లో అసేన్ స్తంభం ఉన్న ఆ చర్చిలోనే బల్గేరియా స్వాతంత్ర్యం ప్రకటించింది. 1912లో గ్రీకులతో చేయి కలిపి ఒట్టోమన్లను తరిమింది. థెస్సలొనీకిలోకి మాత్రం గ్రీకు సైన్యమే ముందు చేరింది. మరుసటి వేసవికల్లా మిత్రులు మళ్లీ కొట్టుకున్నారు. ఈసారి ఓడింది బల్గేరియా.